చుక్కల కాగితం

"అతివేగంగా, అజాగ్రత్తగా." పదకొండేళ్ళ ఉద్యోగంలో ఈ రెండు మాటలూ ఎన్నిసార్లు రాశానో నాకే తెలియదు. నేను పోలీస్ స్టేషన్‌లో రైటర్ని. ఊళ్ళో అందరూ రైటరమ్మ అంటారు. రోడ్డు మీద ఎవరు ఎవర్ని గుద్దినా, ఎవరు దేని కింద పడినా, వాళ్ళు చెప్పింది విని కాగితం మీద పెట్టడం నా పని. ఎవరేం చెప్పినా కాగితం చివరికి ఆ రెండు మాటల దగ్గరే ఆగుతుంది. ఎవరో ఒకరు అతివేగంగా, అజాగ్రత్తగా నడిపారు కాబట్టి జరిగింది. సంతకం, తేదీ, ముద్ర. రోడ్డు ఎలా ఉందో రాయడానికి ఆ ఫారంలో గడే లేదు.

ఆ ఏడు వానలు ముందుగా దిగాయి. మొదటి వారంలోనే కూరగాయలమ్మే ఒకాయన మెడకీ భుజానికీ కట్టుతో స్టేషన్‌కి వచ్చాడు. మోపెడ్ మీద పెట్రోలు కొట్టించుకుందామని మలుపు తిరుగుతుంటే పక్కనుంచి కారు వచ్చి తగిలిందట.

"ఎక్కడ?" అన్నాను తలెత్తకుండా.

"వంతెన దిగాక బంకు ఎదురుగా డివైడర్‌లో సందుంది కదమ్మా, అక్కడే. మొన్న మా బావమరిదీ అక్కడే పడ్డాడు. వాడికన్నా ముందు పాలాయన. నన్నడిగితే ఆ సందు పక్కనే నాలుగు ఆసుపత్రి మంచాలు వేసేస్తే సరిపోతుంది. మోసుకెళ్ళే పని తప్పుతుంది."

అందరం నవ్వాం. ఆయన నొప్పితో మూలుగుతూనే నవ్వాడు.

ఆయన వెళ్ళాక రిజిస్టర్ వెనక్కి తిప్పాను. మా రిజిస్టర్ తేదీల వరసలో ఉంటుంది. మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి, మధ్యలో దొంగతనాలు, కొట్లాటలు. అందుకే ఏ చోటు ఎన్నిసార్లు వచ్చిందో ఎవరి కంటికీ ఆనదు. ఒక చిత్తు కాగితం తీసుకుని చోటు పేరు పక్కన గీతలు పెట్టుకుంటూ పోయాను. వేసవి మొదటి నుంచి ఆ రోజు దాకా ఊరు మొత్తం మీద ఇరవై ఆరు ప్రమాదాలు. అందులో పదిహేను ఆ సందు దగ్గరే. ఆ పదిహేనులో పదకొండు సాయంత్రం ఆరుకీ ఏడుకీ మధ్య. అంతకు ముందు ఏడాది చూస్తే అదే చోట మొత్తం రెండు. అప్పటికి ఆ సందు లేదు. ఊరివైపు నుంచి వచ్చేవాళ్ళు వంతెన దాటి అరకిలోమీటరు ముందుకెళ్ళి, సర్కిల్ చుట్టి వెనక్కి రావాల్సిన పని లేకుండా నేరుగా బంకులోకి తిరగడానికి వేసవిలోనే ఎవరో డివైడర్ కోయించారు.

నా చేతిరాతే పదిహేను చోట్ల నన్ను చూసింది. అతివేగంగా, అజాగ్రత్తగా. అతివేగంగా, అజాగ్రత్తగా.

మా ఆయన రోడ్ల శాఖలో పటాలు గీసే ఉద్యోగి. ఆ రోజు భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆగారు.

"ఎన్నన్నావు?"

"పదిహేను."

మిగిలింది తిని చెయ్యి కడుక్కుని వచ్చారు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ అన్నారు: "రేపు ట్రేసింగ్ కాగితం తెస్తాను. నోటితో చెబితే చెవిన పెట్టరు. పటం మీద చుక్కలు పెట్టి చూపించు, గుడ్డివాడికైనా కనబడుతుంది."

తెచ్చారు కూడా. సర్కిల్ నుంచి వంతెన మీదుగా బంకు దాకా రోడ్డంతా దాని మీద సన్నటి గీతలతో గీసి ఇచ్చారు. భోజనాల బల్ల మీద పరిచి, నేను రిజిస్టర్‌లోంచి రాసుకొచ్చింది చదువుతుంటే ఆయన చుక్క పెట్టేవారు. సాయంత్రం పూట జరిగినవి ఎర్ర చుక్కలు, వానలో జరిగినవి నీలం. రెండూ కలిస్తే రెండు చుక్కలూ పక్కపక్కనే. మా అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసి బుగ్గన వేలు పెట్టుకునేవారు.

"లోకంలో మొగుడూ పెళ్ళాలు సినిమాకెళ్తారు, షికారుకెళ్తారు. మీరేమిట్రా, ఊళ్ళోవాళ్ళ విరిగిన కాళ్ళు లెక్కపెట్టుకుంటున్నారు? ఇది సంసారమా, సర్వేనా?"

"రెండూనమ్మా," అనేవారు ఆయన నవ్వుతూ.

ఒక సాయంత్రం ఇద్దరం స్కూటర్ మీద వెళ్ళి, ఆ సందు దగ్గర ఒకే గొడుగు కింద నిలబడ్డాం. వంతెన మీంచి బండ్లు జారుడుబల్ల మీంచి దిగినట్టు దిగుతున్నాయి. ఆయన ఒక్కోటీ వేలు పెట్టి చూపించారు. వంతెన నడుం ఎత్తుగా ఉండడం వల్ల అవతలి బండి ఇవతలికి వచ్చేదాకా కనబడదు. దిగేటప్పుడు బండి దానంతటదే ఊపందుకుంటుంది. బంకు పెద్ద లైట్లు ఎదురుగా కళ్ళల్లో కొడతాయి. వాటి ముందు నిలబడ్డ స్కూటర్ నల్లగా కలిసిపోతుంది. వాన పడితే ఆ వెలుగు రోడ్డంతా పరుచుకుని ఇంకా అన్యాయం. ఎంత బాగా చెప్పారో! పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన నాతో అంత మాట్లాడింది ఆ కొద్ది వారాల్లోనే. ఆయన చొక్కా భుజం వానకు తడుస్తుంటే గొడుగు అటు జరిపాను, ఆయన మళ్ళీ ఇటు జరిపారు. ఇవన్నీ తడుముకోకుండా ఎలా చెబుతున్నారన్న అనుమానం నాకు రాలేదు. ఎందుకొస్తుంది?

"రేపు మా పెద్ద సార్‌కి చూపిస్తాను," అన్నాను తిరిగి వస్తుంటే.

"తొందరపడకు. ఇంకో నెల లెక్క చేరితే గట్టిగా ఉంటుంది. మీ స్టేషన్ కాగితం మా ఆఫీసులో ఎవరూ విప్పరు. నేనే మా ఇంజనీరు గారి బల్ల మీద పెడతాను."

సరేనన్నాను. ఆ నెలలోనే గుండీలావిడ పోయింది.

బజారులో ఒక కొట్టుంది. సగం గడియారాలు, సగం గుండీలు. ఎడమవైపు భర్త, కంటికి భూతద్దం తగిలించుకుని గడియారాలు బాగుచేస్తుంటాడు. కుడివైపు భార్య, చిన్న చిన్న సొరుగుల నిండా గుండీలు, దారాలు, హుక్కులు. నా యూనిఫాం గుండీ ఊడి వెళితే నేను నోరు తెరవక ముందే సరైన గుండీ అరచేతిలో పెట్టేది ఆవిడ. "ఒకటే ఊడిందా? ఇంకోటి కూడా పట్టుకెళ్ళు, దాని జతది రేపు ఊడుతుంది," అనేది. ఊడేది కూడా.

ఆ సాయంత్రం తుంపర పడుతోంది. ఆవిడ స్కూటర్ మీద ఊరివైపు నుంచి వచ్చి, ఆ సందులోంచి బంకువైపు తిరిగింది. వంతెన దిగుతున్న బ్రెడ్డు వ్యాను గుద్దింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

వ్యాను నడిపింది మా తమ్ముడు. అమ్మ పోయాక నేను చేతుల్లో పెంచినవాడు. ఇరవై ఆరేళ్ళొచ్చినా మాకు చిన్నోడే.

నేను వెళ్ళేసరికి స్టేషన్ బెంచీ మీద తడిసిన చొక్కాతో, చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నెమ్మదిగానే వస్తున్నానక్కా. ముప్పై కూడా లేదు. ఒక్కసారిగా అడ్డమొచ్చేసింది."

"నిజంగా?"

"నీ మీద ఒట్టు."

నా తమ్ముడి కేసు కాబట్టి నన్ను రాయనివ్వలేదు. రెండో రైటర్ రాశాడు. అతని భుజం మీంచి తొంగి చూశాను. ఏ మాటలు రాస్తున్నాడో చూడక్కర్లేకుండానే తెలుసు. నేనే నేర్పాను అతనికి. ఆ రెండు మాటలకీ అంత పదునుంటుందని మాత్రం ఆ రోజే తెలిసింది.

తొమ్మిదో రోజున ధైర్యం చేసి గడియారాలాయన కొట్టుకి వెళ్ళాను. ఎడమవైపు తెరిచి ఉంది. కుడివైపు సొరుగుల మీద ఒక దుప్పటి కప్పి ఉంది. చుక్కల కాగితం నా చేతిలో చుట్టగా ఉంది.

"నేను ఆ వ్యాను అబ్బాయి అక్కనండీ," అన్నాను.

"తెలుసు. కూర్చోండమ్మా."

కాగితం విప్పి చూపించి, ఏ చుక్క ఏమిటో చెప్పాను. ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని, గడియారం లోపలికి చూసినంత శ్రద్ధగా చాలాసేపు చూశాడు.

"ఇందులో మా ఆవిడ ఏది?"

"ఇంకా పెట్టలేదండీ."

చెయ్యి చాచాడు. కలాలిచ్చాను. "ఏ రంగు?"

"రెండూ."

రెండు చుక్కలు పక్కపక్కనే పెట్టాడు. ఆ తరవాత మూడు సాయంత్రాలు కొట్టు పెందలాడే కట్టేసి, ఆ సందు దగ్గర స్టాప్‌వాచ్‌తో నిలబడ్డాడు. నాలుగో రోజు స్టేషన్‌కే వచ్చాడు.

"వంతెన మీద బండి కనబడ్డ దగ్గర్నుంచి సందు చేరేదాకా నాలుగు సెకన్లమ్మా. మామూలుగా అందరూ వచ్చే స్పీడు అదే. ఆవిడకి స్కూటర్ తిప్పుకుని అవతల పడడానికి ఆరు పట్టేది. నాకు తెలుసు, వెనక కూర్చునేవాణ్ణి." జేబులోంచి కలం తీసి, "సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాడు.

సందు మూసెయ్యాలని అర్జీ నేనే రాశాను. ఆయన సంతకం మొదట, కూరగాయలాయన, పాలాయన, ఇంకా పదిమంది ఆ కింద. మా పెద్ద సార్ పైకి పంపారు. మూడు వారాల్లో విచారణ అని కబురొచ్చింది. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. "మంచిదే," అన్నారు. వెళ్ళి పడుకున్నారు. అలసిపోయారనుకున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన ఆఫీసు నుంచి తెచ్చిన పెద్ద కాగితం బల్ల మీద పరుచుకుని కూర్చున్నారు. పై సగం చుట్టి ఉంది. కింది సగం మీద స్కేలు ఆనించి గీస్తున్నారు. కిటికీలోంచి గాలికి మూల లేచిపోతుంటే, "కాస్త ఇలా పట్టుకో," అన్నారు. వెళ్ళి బొటనవేలితో నొక్కిపట్టాను.

"ఎక్కడి రోడ్డు?"

"పక్క ఊరి బైపాసు. గడువు ముంచుకొచ్చింది, ఆదివారం లేదు, గీదివారం లేదు." ఆ తరవాత తలెత్తకుండానే, "నీ చుక్కల కాగితం ఒకసారి ఇటివ్వు. హెచ్చరిక బోర్డు ఎంత ముందు పెడితే పనికొస్తుందో చూస్తాను," అన్నారు.

పరిగెత్తుకెళ్ళి తెచ్చిచ్చాను. నా లెక్క ఇంకో ఊరికి కూడా పనికొస్తోందని ఎంత పొంగిపోయానో! మధ్యలో టీ పెట్టిచ్చాను. మళ్ళీ వచ్చి మూల పట్టుకున్నాను.

విచారణ రోడ్ల శాఖ ఆఫీసు హాల్లో. విచారణాధికారి సన్నటి మనిషి, జలుబుతో మాటిమాటికీ రుమాలు తీస్తున్నారు. రిజిస్టర్లు నా దగ్గరే ఉంటాయి కాబట్టి స్టేషన్ తరఫున నన్నే పంపారు. గడియారాలాయన ముందు వరసలో కూర్చున్నాడు. బంకు యజమాని వెనక తలుపు దగ్గర. మా తమ్ముడు బయట వరండాలో. ఇంజనీరు గారు వచ్చారు. ఆయన వెనకే, చంకలో చుట్టిన కాగితంతో, మా ఆయన. వస్తున్నట్టు నాతో అనలేదు. ఆఫీసు పనేమో అనుకున్నాను. నవ్వబోయాను. ఆయన నా వైపు చూడలేదు.

ఇంజనీరు గారు చెప్పింది సూటిగా ఉంది. ఆ సందు ఎవరి దయా కాదు, పోయిన సంవత్సరమే పటం గీసి, పద్ధతి ప్రకారం తెరిచింది. సందుకి ముందు హెచ్చరిక బోర్డు, రెండు వరసల స్పీడు బ్రేకర్లు, మెరిసే పసుపు దీపం, అన్నీ ఏర్పాటు చేశారు. వాటిని లెక్కచెయ్యకుండా నడిపేవాళ్ళది తప్పు.

"నేను మూడు సాయంత్రాలు అక్కడ నిలబడ్డాను సార్," అన్నాడు గడియారాలాయన. "అవేవీ లేవు."

"బోర్డు దొంగలెత్తుకుపోయారు. స్పీడు బ్రేకర్లు వానకి కొట్టుకుపోయాయి."

"దీపం కూడా వానకి కొట్టుకుపోయిందా సార్?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి రుమాలు మడతపెట్టి, "పటం చూద్దాం," అన్నారు.

మా ఆయన పరిచారు. నేను రిజిస్టర్ పట్టుకుని బల్ల దగ్గరే నిలబడి ఉన్నాను. పోయిన సంవత్సరం తేదీ, కింద సంతకాలు. పై సగం ఈసారి విప్పి ఉంది. అక్కడ మా వంతెన ఉంది. బోర్డు ఎక్కడ గీసి ఉందంటే, సరిగ్గా నా ఎర్ర చుక్కలు మొదలయ్యే చోటుకి అరవై అడుగులు ముందు. స్పీడు బ్రేకర్లు నీలం చుక్కలు గుంపుకట్టిన చోటుకి ముందు ఒక వరస, వెనక ఒక వరస. దీపం, బంకు వెలుగు కళ్ళలో పడే చోట. ఊళ్ళో జనం విరగ్గొట్టుకున్న ఒక్కో ఎముకనీ దగ్గర పెట్టుకుని గీశారు. బంకు పక్కన గాలి కొట్టే షెడ్డు కూడా ఉంది. ఆ షెడ్డు కట్టి రెండు నెలలు కాలేదు.

"స్టేషన్ తరఫున ఏమైనా చెబుతారా?" అన్నారు అధికారి.

మా ఆయన వైపు చూశాను. వద్దని తలూపి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. ఆయన కింద పడ్డ కలం మూత కోసం వెతుక్కుంటున్నారు.

"ఈ పటం మూడు వారాల కిందటి ఆదివారం మా భోజనాల బల్ల మీద గీశారు సార్," అన్నాను. "ఈ మూల నేనే పట్టుకున్నాను. తేదీ పోయిన సంవత్సరానిది. గాలి షెడ్డు మాత్రం మొన్న వానల్లో కట్టింది."

అధికారి రుమాలు బల్ల మీద పెట్టేశారు.

"మీ భోజనాల బల్లా?" అన్నారు అధికారి అర్థంకాక.

"గీసినాయన మా ఆయన సార్."

అధికారి అటు తిరిగారు. మా ఆయన మూత దొరికినట్టుంది, లేచి నిలబడి కలానికి పెట్టారు. "నా గీతే సార్," అన్నారు.

ఇంటికి నాకన్నా ముందే చేరారు. అదే కుర్చీలో, అదే బల్ల ముందు కూర్చుని ఉన్నారు. బట్టలు కూడా మార్చుకోలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"ఏది?"

"సందు."

"వేసవిలో ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కొయ్యాలో సున్నం గీత గీసింది నేనే. బంకాయన ఇంజనీరు గారిని అడిగాడు, ఆయన నాకు ఫోన్‌లో చెప్పారు. కాగితమంటూ ఏదీ లేదు."

"మరి గొడుగు కింద నిలబడి నాకు చెప్పినవన్నీ?"

"అవి అబద్ధాలు కావుగా."

కావు. ఒక్కటీ అబద్ధం కాదు. అక్కడే నాకు తల తిరిగింది.

"నన్ను నెల రోజులు ఆగమన్నారు."

ఆయన జేబులోంచి కలం తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ నెలలోనే కదండీ ఆవిడ పోయింది? నా తమ్ముడు బెంచీ ఎక్కింది?"

"అంతదాకా వస్తుందనుకోలేదు. నువ్వొక్కదానివీ చేస్తే ఎటు పోతుందో అని పక్కన కూర్చున్నాను. కూర్చున్నాక... నాకూ చూడాలనిపించింది, నేను గీసిన గీత ఏం చేసిందో." కళ్ళు తుడుచుకున్నారు. "పోయినావిడ విషయం బయటికొచ్చాక కాగితం పుట్టించమన్నారు. నేను గీయకపోతే మొదటి వేటు నాకే. ఉద్యోగం పోతే మనమేం తింటాం చెప్పు?"

"మనం అనకండి," అన్నాను.

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. ఆ రాత్రి ఆవిడ వండలేదు, మేం అడగలేదు. ఆయనకి సస్పెన్షన్ వచ్చింది. నాలుగు నెలల తరవాత దూరపు ఆఫీసుకి బదిలీ. ఇంజనీరు గారికి ఒక మందలింపు ఉత్తరం. మా ఆయన పెట్టె సర్దుకుంటుంటే అత్తయ్య తన బట్టలు కూడా అందులోనే పెట్టుకున్నారు.

"నువ్వు చెప్పింది తప్పని నేననను అమ్మాయ్," అన్నారు చెప్పులేసుకుంటూ. "కానీ వాడికి అన్నం వండుకోవడం రాదు."

ఆవిడ వెనక ఆయన గేటు దాకా వెళ్ళి ఆగారు. నాలుగు నెలలుగా ఒకే ఇంట్లో ఉండి మేం మాట్లాడుకున్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "వస్తావా?" అని కూడా అడగలేదు. నేనూ ఆపలేదు.

సందు మాత్రం విచారణ అయిన రెండో రోజే మూసేశారు. సిమెంటు దిమ్మలు తెచ్చి అడ్డంగా పేర్చారు. వానలు పూర్తిగా తగ్గేదాకా రిజిస్టర్ చూస్తూనే ఉన్నాను. ఆ చోట ఒక్కటంటే ఒక్కటి రాలేదు. తమ్ముడి కేసులో ప్రధాన కారణం రోడ్డు లోపమేనని తేల్చారు. లైసెన్సు తిరిగిచ్చారు, బ్రెడ్డు కంపెనీవాళ్ళు పనిలోకి పిలిచారు. ఇంట్లో ఏది పోయినా వీడు దక్కాడు కదా అనుకున్నాను. నిజంగానే అలా అనుకుని సరిపెట్టుకున్నాను.

మొగుడూ అత్తా వెళ్ళిపోయిన వారానికి, ఒక పొద్దున డ్యూటీకి వెళుతుంటే వ్యాను పక్కన ఆపాడు.

"ఎక్కక్కా, దింపేస్తా."

వెనకంతా వేడి బ్రెడ్డు వాసన. వాడు హుషారుగా ఉన్నాడు. వంతెన ఎక్కి దిగుతుంటే బండి ఊపందుకుంది. డాష్‌బోర్డు పట్టుకున్నాను.

"నెమ్మదిరా."

"ఇప్పుడు సందు లేదుగా!" నవ్వాడు. "ఇదేం స్పీడు? ఆ రోజు డెబ్బై దాటింది. ఇంకా నాలుగు కొట్లకి వెయ్యాలి, మా ఓనరేమో ఫోన్ మీద ఫోన్."

వాడు అన్న మాట వాడికే ఒక క్షణం తరవాత వినబడినట్టుంది. నవ్వు ఆగిపోయింది.

"ముప్పై కూడా లేదన్నావు," అన్నాను.

"చెబుదామనే అనుకున్నానక్కా. నువ్వేమో ఆ కాగితాలు పట్టుకుని అంత తిరుగుతున్నావు... ఇంక నోరు రాలేదు. అవన్నీ ఇప్పుడెందుకు? గెలిచాంగా."

"నా మీద ఒట్టేశావు."

"నీకేం కాలేదుగా," అన్నాడు వాడు.

వాడిది దుర్మార్గం కాదు. నేను బతికి ఉన్నందుకు నిజంగానే సంతోషపడుతూ అన్నాడు. నేను అద్దంలోంచి ముందుకు చూస్తూ కూర్చున్నాను. ఆ సందు తప్పే, అందులో సందేహం లేదు. పదిహేనుమంది ఎముకలు ఊరికే విరగలేదు. వీడి వేగమూ తప్పే. ఎదురుగా కూర్చున్న ఎవరి మాటనైనా నాలుగుసార్లు తిప్పి తిప్పి అడిగేదాన్ని, వీణ్ణి ఒక్కసారే అడిగాను.

"బజారుకి తిప్పు," అన్నాను.

"స్టేషన్ ఇటు కదా?"

"తిప్పరా."

గడియారాలాయన అప్పుడే తలుపులు తీస్తున్నాడు. మమ్మల్నిద్దర్నీ చూసి బల్ల తుడిచి చోటిచ్చాడు. తమ్ముడు కూర్చోలేదు. కుడివైపు సొరుగుల మీది దుప్పటి చూసి తల దించుకున్నాడు.

"వీడు మీకొకటి చెప్పాలండీ."

రోడ్డు మీద రెండు మూడు బండ్లు వెళ్ళాయి.

"నేను వేగంగానే వచ్చానండీ ఆ రోజు," అన్నాడు చివరికి.

"తెలుసు," అన్నాడు గడియారాలాయన.

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను.

"నెమ్మదిగా వచ్చేవాళ్ళనీ లెక్కపెట్టానమ్మా. స్టేషన్‌లో వీడు చెప్పిన ముప్పైలో వచ్చే బండికి ఏడు సెకన్లు పట్టింది. ఏడైతే ఆవిడ దాటేసుండేది."

"తెలిసీ సంతకం పెట్టారా?"

"ఆ సందు మూతపడాలి కదా. వీణ్ణి పట్టుకుని వేలాడితే వీడు జైలుకి పోతాడు, సందు అలాగే ఉంటుంది. రెండూ అడిగితే ఏదీ చెయ్యరు. ఎవరితోనూ అనలేదు." నా వైపు చూశాడు. "మీకు ముందునుంచీ తెలుసనే అనుకున్నాను."

"లేదండీ," అన్నాను. "నాకు ఇప్పుడే తెలిసింది."

ఆయన నమ్మాడో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు. తమ్ముడి వైపు తిరిగాడు.

"అంబులెన్సు వచ్చేదాకా నువ్వే కదూ దగ్గరున్నది?"

"అవునండీ. నా చొక్కా తల కింద పెట్టాను."

"ఏమైనా అందా?"

ఇన్నాళ్ళలో ఆ మాట వాణ్ణి ఎవరూ అడగలేదు. స్టేషన్‌లోనూ అడగలేదు, విచారణలోనూ అడగలేదు. నేనూ అడగలేదు. తమ్ముడు అలాగే నేల మీద కూలబడిపోయాడు.

"చెప్పు ఒకటి జారిపోయిందంది. కొత్తవి, వెతకమంది."

గడియారాలాయన రెండు చేతులూ బల్ల మీద ఆనించి ముందుకి వంగాడు. "వెతికావా?"

"వెతికానండీ. వానలో కనబడలేదు. దొరికిందని చెప్పేశాను."

"ఏమంది?"

"సరేనంది."

గడియారాలాయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి, వాడి పక్కన నేల మీదే కూర్చున్నాడు. ఇంకా ఏవో అడుగుతున్నాడు, మెల్లగా. వాడు ఏడుస్తూ చెబుతున్నాడు. నేను బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాను. డ్యూటీ టైము దాటిపోయింది. లోపల వాళ్ళిద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో. నన్నెవరూ పిలవలేదు.